హీరో బండి చివర ఎక్కాలి

హీరో బండి చివర ఎక్కాలి, మొదట దిగాలి. షూటింగులకు మోటారు సైకిళ్లు చేరవేసే మాకు ప్రొడక్షన్ మేనేజర్లు చెప్పే మొదటి నియమం ఇది. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. లొకేషన్‌లో హీరో బండి కంటే ముందు విలన్ మనుషుల బండి నేల మీద దిగితే సినిమా ఆడదని ఒకాయన చెప్పాడు. దిగీ దిగగానే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కొబ్బరికాయ కొట్టాలి కాబట్టి అని ఇంకొకాయన. ఈ నియమం పెట్టినవాడు ఎవడో గాని, వాడు జన్మలో ఒక్కసారి కూడా ట్రాలీలో బండ్లు కట్టి, దాన్ని జీపుకు తగిలించి, ఫిల్మ్‌నగర్ గుట్ట మీంచి షేక్‌పేట వైపు దిగి ఉండడు. దిగి ఉంటే పెట్టేవాడు కాదు.

రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ దిగుడులో గేరు మార్చేటప్పుడు నా దవడలు బిగుసుకుంటాయి. కాలం గడిస్తే కోపం చల్లారుతుందని చాలా పుస్తకాల్లో చదివాను. రాసినవాళ్లకు చల్లారిందేమో.

నాకు సొంత డీసీఎం ఉంది. లారీ కన్నా చిన్నది, జూబ్లీహిల్స్ సందుల్లో తిరిగేది. మొదట్లో సెట్టింగు చెక్కలు, లైట్లు, జనరేటర్ తీగలు మోసేవాణ్ని. తర్వాత దుమ్ములో దూకే పొడుగు బండ్లు, అంటే డర్ట్ బైకులు, సినిమాల్లో ఎక్కువయ్యాయి. వాటిని కట్టడం అందరికీ రాదు. మామూలు బండిలా పక్క స్టాండు వేసి తాళ్లు చుట్టేస్తే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే పడుకుంటాయి. నిటారుగా నిలబెట్టాలి. ముందు చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య చెక్కముక్క దూర్చాలి. హ్యాండిల్ కింద నుంచి రెండు వైపులా బెల్టులు వేసి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలు సగం కుంగేదాకా కిందికి లాగాలి. వెనక చక్రాన్ని అడ్డంగా కట్టాలి. పెట్రోలు కట్టెయ్యాలి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు. రెండు బండ్లు పాడుచేసి ఒకటి, పుస్తకాల్లో చదివి ఒకటి నేర్చుకున్నాను.

పుస్తకాలంటే మా యూసుఫ్‌గూడ వైపున్న శాఖా గ్రంథాలయంలోవి. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఇరవై ఆరేళ్ల వయసులో, షూటింగ్ రద్దయిన ఒక మధ్యాహ్నం, ఎండకు తలదాచుకోవడానికి ఆ గదిలోకి వెళ్లాను. పొడుగు బల్ల మీద ఎవరో వదిలేసిన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం పుస్తకం ఉంది. తెలుగులో ఉంది. తెరిచి కూర్చుంటే, లైబ్రేరియన్ మేడమ్ వచ్చి తాళాలు గలగలలాడించేదాకా లేవలేదు. మర్నాడు మళ్లీ వెళ్లాను. ఆ తర్వాత నా పేరు మీద కార్డు వచ్చింది. నాకు డిగ్రీ లేదు గాని, ఆ కార్డుంది. వంతెనల గురించి, తేనెటీగల గురించి, ఓడలు ఎందుకు మునగవో, నిజాం కాలంలో ఈ ఊరికి నీళ్లు ఎలా తెచ్చారో ఆ గదిలోనే చదివాను. ఈ మాట ఎక్కడ చెప్పడానికైనా నాకు సిగ్గు లేదు. గర్వమే.

గరిమనాభి అనే మాట అక్కడే నేర్చుకున్నాను. ఒక వస్తువు బరువంతా ఏ బిందువు దగ్గర ఉన్నట్టు లెక్కో అది గరిమనాభి. ట్రాలీకి అది ఇరుసు కన్నా కొంచెం ముందుండాలి. అప్పుడు ట్రాలీ మెడ జీపు కొక్కెం మీద అణిగి ఉంటుంది, జీపు ఎటు పోతే అటు పోతుంది. వెనక్కి పోయిందా, ట్రాలీ మెడ పైకి లేస్తుంది, జీపు వెనక చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. దిగుడులో వేగం పెరిగితే ట్రాలీ కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెడుతుంది. మొదలయ్యాక ఆపడం ఎవరి వల్లా కాదు. ఇంట్లో అట్టముక్కతో చిన్న ట్రాలీ చేసి, సీసా మూతలు చక్రాలుగా పెట్టి, వాలు చెక్క మీద లాగి చూశాను. రూపాయి బిళ్ల ముందు పెడితే బుద్ధిగా వచ్చింది. వెనక పెడితే పిచ్చిగా కొట్టుకుంది. మా ఆవిడ చూసి, "గీ ఆటలు ఆడనీకేనా పొద్దుగాల ట్రిప్పు వద్దన్నవ్?" అంది. నేను ఆడుకోలేదు. పరీక్ష చేశాను.

ఇంత తెలిసినవాణ్ని, ఆ రోజు చివరికి నోరు మూసుకున్నాను. నేను రాయాలనుకున్నది ఇదే.

ఆ సినిమాలో డర్ట్ బైకుల ఛేజ్ ఉంది. శంకర్‌పల్లి దాటాక పాడుబడిన కంకర క్వారీలో షూటింగ్. మొత్తం ఏడు బండ్లు. విలన్ మనుషులవి నాలుగు, ఒకటి స్పేరు. ఇవి ఐదూ నా డీసీఎంలో. మిగతా రెండూ ట్రాలీలో: హీరో బండి, అచ్చం దానిలాగే రంగు వేసిన డూప్ బండి. హీరో బండి విలన్ బండ్లతో కలిసి ఒకే వాహనంలో ప్రయాణం చెయ్యకూడదట. అందుకని ప్రత్యేకంగా ట్రాలీ తెప్పించారు, దాన్ని లాగడానికి ప్రొడక్షన్ జీపు.

ఆ రెండు బండ్లకూ తేడా పైకి తెలీదు. హీరోగారికి పొడుగు బండి మీద కూర్చుంటే కాళ్లు నేలకు ఆనవు. అందుకని ఒక పాత రోడ్డు బండికి ఎత్తు తగ్గించి, పైన డర్ట్ బైకు ప్లాస్టిక్కులన్నీ తొడిగారు. దాని ముందు కెమెరా బిగించే ఇనుప చట్రం. పైకి మేకపిల్ల, ఎత్తితే దున్నపోతు. డూప్ బండి అసలైన డర్ట్ బైకు, తేలిక. తెర మీద దూకేది అదే.

దాన్ని దూకించేది నా స్నేహితుడు. ఫైటర్. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. తెనాలి వైపు క్రైస్తవ కుటుంబం వాళ్లది, తండ్రి కాలంలోనే యూసుఫ్‌గూడ వచ్చి స్థిరపడ్డారు. డూప్ బండి వాడి సొంతం. ఒక్కో ముక్క తెచ్చి తనే కూర్చుకున్నాడు. అప్పటికి ఏడాది కిందట ఒక షూటింగులో పడి మెడకింద ఎముక విరిగింది. పదకొండు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. ఈలోగా ఫైట్ మాస్టర్లు కుర్రవాళ్లను పిలవడానికి అలవాటుపడ్డారు. వీడి పేరు చెప్తే, "ఆయన ఇంకా దూకుతున్నాడా?" అనడం మొదలుపెట్టారు. ఈ క్వారీ జంప్ వాడు ఇద్దరు ముగ్గురి చుట్టూ తిరిగి సంపాదించుకున్నది. ఈ షాటు బాగా పడితే మళ్లీ పిలుస్తారు. పడకపోతే ఇక గుంపులో కర్ర పట్టుకుని పరిగెత్తడమే. నాకు చెప్పనక్కర్లేదు గాని ముందు రోజు మూడుసార్లు చెప్పాడు.

తెల్లవారుతుండగా ఫిల్మ్‌నగర్‌లో షెడ్డు దగ్గర లోడింగు. ఆ గుట్టల మీద రాళ్లను బద్దలుకొట్టి కట్టిన బంగళాల మధ్య ఒక రేకుల షెడ్డు మిగిలింది, దాన్ని ఈ కంపెనీ అద్దెకు తీసుకుంది. నా ఐదు బండ్లూ ఎక్కించి కట్టేశాను. తర్వాత ట్రాలీ దగ్గరికి వచ్చి హీరో బండిని ముందు వైపుకు నెట్టమన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ చేతిలో టీ గ్లాసుతో వచ్చాడు. యాభై దాటిన మనిషి, గోదావరి యాస, నుదుట ఎప్పుడూ పెద్ద బొట్టు.

"ఆగాగు. అది ముందు పెడతావేంటి? అది చివర కదా ఎక్కాలి."

"సార్, గిది బరువు ఎక్కువ. ముందటుండాలె. డూప్ బండి ఎన్కకు పెడ్త."

"దిగేటప్పుడు డూప్ బండి ముందు దిగుద్దా? ఏం మాట్లాడుతున్నావయ్యా! ఏడూ ఇరవైకి ముహూర్తం. కొబ్బరికాయ హీరో బండికి కొట్టాలా, డూప్ బండికి కొట్టాలా?"

"పది నిమిషాల పని సార్. గాడికి పోయినంక డూప్ బండిని పక్కకు దించుత, ఎవ్వలు చూడరు..."

"దేవుడు చూడడా?"

జీపు డ్రైవరు, లైట్ల వాళ్లు చుట్టూ చేరారు. నేను నెమ్మదిగా వివరించాను. ఇరుసు చూపించాను. నేల మీద సుద్దముక్కతో గీసి, బరువు వెనక్కి పోతే ట్రాలీ ఎందుకు ఊగుతుందో చెప్పాను. చెప్తూ చెప్తూ ఆ మాట వాడాను.

"గరిమనాభి ఇరుసుకు ముందటుండాలె సార్."

మేనేజర్ టీ పక్కన పెట్టాడు. "ఏంటీ? నాభా? ఎవరి నాభి? హీరోయిన్‌ది రేపు కదా షూటింగు!"

అందరూ పగలబడ్డారు. జీపు డ్రైవరు, "అన్న లైబ్రరీల చదువుకుండు సార్, మా ప్రొఫెసర్ సాబ్" అన్నాడు. లైట్ల వాళ్లలో ఒకడు చేతులు కట్టుకుని నిలబడి, "నమస్తే మాస్టారూ, హోంవర్క్ చెయ్యలేదండీ" అన్నాడు. మళ్లీ నవ్వులు. నా స్నేహితుడు కూడా నవ్వాడు. వాడు దురుద్దేశంతో నవ్వలేదు. జంప్ ఉన్న పొద్దు కదా, వాడికి గాలి పీల్చినా నవ్వొస్తోంది.

నాకు చెవులు వేడెక్కాయి. అప్పుడు నేను చెయ్యవలసింది ఒకటే. బెల్టులు కింద పడేసి, "మీరే కట్టుకోండి" అని పక్కకు నిలబడటం. నేను కట్టకపోతే అక్కడ కట్టేవాడు లేడు. కాని నేనేం చేశానంటే, నవ్వాను. వాళ్లతో కలిసి నవ్వాను. "సరే సార్, మీ ఇష్టం" అన్నాను. సుద్దగీతల మీదుగా డూప్ బండిని ముందుకు నెట్టి, హీరో బండిని వెనక నిలబెట్టి, దానితోపాటే దిగాలని ఇనుప చట్రం బోల్టుల పెట్టె కూడా తోక దగ్గరే పెట్టి, నా జీవితంలో కట్టిన అన్ని కట్లలోకీ గట్టి కట్టు కట్టాను. తప్పు చోట ఉన్న బరువును గట్టిగా కట్టడం వల్ల ఏ లాభమూ లేదని నాకు తెలుసు. తెలిసే కట్టాను.

జీపు ముందు బయల్దేరింది. మేనేజర్ అందులోనే కూర్చున్నాడు. నేను వెనక డీసీఎంలో, నా పక్కన నా స్నేహితుడు. వాడు తొడ మీద చేత్తో జంప్ చూపిస్తున్నాడు. "ఇక్కడ లేస్తానన్నా. ఇక్కడ హ్యాండిల్ కాస్త లోపలికి. ఇదిగో, ఇలా వెనక చక్రం ముందు ఆనాలి." నేను ఊఁ కొడుతూ ట్రాలీ వంకే చూస్తున్నాను. గుట్ట మీద రోడ్డు మెలికలు తిరిగినంతసేపూ పర్వాలేదు. మెలికల్లో ఎవరూ వేగం వెళ్లలేరు. షేక్‌పేట వైపు దిగుడు తిన్నగా ఉంటుంది. ఆ వేళ ఖాళీగా కూడా ఉంది. ముహూర్తం గుర్తొచ్చిందో ఏమో, జీపు ఒక్కసారిగా వేగం అందుకుంది.

ట్రాలీ తోక కుడికి జరిగింది. జానెడు. తర్వాత ఎడమకు మూరెడు. నేను హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. స్నేహితుడు మాట ఆపేశాడు. మళ్లీ కుడికి. జీపు డ్రైవరు భయపడి గట్టిగా బ్రేకు తొక్కాడు. ఏ పుస్తకం చదవకపోయినా ఎవరైనా చేసేది అదే, అప్పుడు చెయ్యకూడనిదీ అదే. ట్రాలీ మడిచిన చాకులా జీపు పక్కకు తిరిగి, ముందు మూల డివైడర్ ఎక్కి, దీపస్తంభానికి కొట్టుకుంది. చప్పుడు ఎక్కువ రాలేదు. ఇనుప గిన్నె కింద పడినంత.

మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఇది మొదట చెప్పాలి. రోడ్డు మీద ఎవరూ లేరు. రెండు నిమిషాల తర్వాత అదే డివైడర్ పక్కనుంచి బడి ఆటో ఒకటి వెళ్లింది, ఆ లెక్క నేను ఎప్పుడూ మర్చిపోను.

హీరో బండి తోక దగ్గర నిటారుగా నిలబడి ఉంది. ఒక్క గీత పడలేదు. నా కట్టు అంత బాగుంది! డూప్ బండి ముందు చక్రం మాత్రం స్తంభానికి, ట్రాలీ అంచుకు మధ్య ఇరుక్కుంది. ఎడమ ఫోర్కు గొట్టం కింది భాగంలో వంగింది. కొంచెమే. బొటనవేలు మందం.

మేనేజర్ జీపు దిగి, ముందు హీరో బండి చుట్టూ తిరిగాడు. ముద్దుపెట్టుకుంటాడేమో అనుకున్నాను. తర్వాత ఫోన్ తీశాడు.

"ఆఁ సార్, చిన్న జర్కు. హీరో బండి సేఫ్ సార్. స్వామి దయ. కట్టు కాస్త వదులుగా కట్టినట్టున్నారు మనవాళ్లు... లేదు లేదు, ముహూర్తానికి అందుకుంటాం."

కట్టు వదులుగా! నేను ఆయన చెయ్యి పట్టుకుని ట్రాలీ దగ్గరికి లాక్కెళ్లాను. "ముట్టుకో. బెల్టు ముట్టుకుని చెప్పు వదులుందా" అన్నాను. 'మీరు' అనడం మర్చిపోయాను.

"చెయ్యి వదులు ముందు. ఏం, మీద పడతావా?"

"వదులుంటే నీ హీరో బండి గట్లెట్ల నిలవడ్డది?"

"అదే చెప్తున్నా కదయ్యా, స్వామి దయ అని!"

జీపు డ్రైవరు మధ్యలోకి వచ్చి, "అన్నా, జర ఆగు, టైమైతుంది" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు, ఆ క్షణంలో కూడా లేదు. డూప్ బండిని నా డీసీఎంలోకి ఎక్కించి, వంగిన ఫోర్కుకు బెల్టు వెయ్యలేక బండి ఫ్రేముకే వేసి కట్టాను. ట్రాలీలో హీరో బండిని నేను ఇరుసు ముందుకు తెచ్చాను. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు. నవ్వనూ లేదు.

క్వారీకి ముహూర్తానికి నాలుగు నిమిషాల ముందే చేరాం. హీరో బండి దిగింది. నిమ్మకాయలు నలిగాయి. కొబ్బరికాయ రెండు చెక్కలూ సమానంగా పగిలాయి, అది శుభమని అందరూ అన్నారు.

జంప్ పదకొండింటికి. మట్టి ర్యాంపు సిద్ధంగా ఉంది. మేనేజర్ నా డీసీఎం దగ్గరికి వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడి, నాతో కాదు, నా స్నేహితుడితో మాట్లాడాడు.

"ఏం బాబూ, ఆ ఫోర్కు పైపు పెట్టి లాగితే తిన్నగా అవుద్దిగా? ఒక్క షాటేగా."

స్నేహితుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అవుద్ది సార్. పావుగంటలో చేసేస్తా."

"ఏం చేసేస్తవ్ రా?" అన్నాను.

"అన్నా, నువ్వుండు."

వంగిన గొట్టాన్ని మళ్లీ తిన్నగా లాగితే పైకి తిన్నగా కనిపిస్తుంది. లోపల లోహం అలసిపోతుంది. లోహాలు అలసిపోతాయని చదివినప్పుడు నేను నమ్మలేదు, తీగను వంచి వంచి తుంచి చూశాకే నమ్మాను. గాల్లోంచి దిగేటప్పుడు బండి బరువూ మనిషి బరువూ ఆ రెండు గొట్టాల మీదే పడతాయి. ఒకటి విరిగితే ముందు చక్రం ఉండదు. అదే మెడ, అదే ఎముక.

మా లోడింగు పనిలో ఒక మాట ఉంది. కట్టినవాడే విప్పాలి. ఎవరి కట్టులో ఏ బెల్టు దేన్ని ఆపుతుందో కట్టినవాడికే తెలుసు కాబట్టి, ఇంకొకడు విప్పితే బరువు మీద పడుతుంది. అందుకని ఒకరి కట్టు మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. నేను వెనక తలుపు ఎక్కి కూర్చున్నాను.

"ఈ బండి దిగదు. నేను ఇప్ప."

మేనేజర్ వెనక్కి తిరిగాడు. "కొయ్యండ్రా ఆ బెల్టులు" అన్నాడు లైట్ల వాళ్లతో. పొద్దున నన్ను మాస్టారూ అన్న కుర్రాడు ముందుకు రెండడుగులు వేసి ఆగిపోయాడు. "ఆయన కట్టు సార్" అన్నాడు. జీపు డ్రైవరు నేల చూపులు చూశాడు. ఎవరూ కదల్లేదు.

నా స్నేహితుడు మాత్రం కదిలాడు. డీసీఎం మీదికి ఒక్క గెంతులో ఎక్కాడు. ముఖం ఎర్రగా ఉంది.

"విప్పన్నా."

"ఇప్ప."

"బండి నాది."

"కట్టు నాది. ఆ పైపు నిన్ను మోస్తదా రా? దిగంగనే ఇరుగుతది. మళ్ల పదకొండు నెలలు పండుకుంటవా?"

"పండుకుంటే నేను పండుకుంటా, నీకేంటి? నీకు తెలుసా ఈ రోజు కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కానో? ఈ రోజు దూకకపోతే ఇంకెవడూ పిలవడు. తెలుసు కదా నీకు!"

"తెలుసు."

"తెలిసి చేస్తున్నావా?"

"నీకు పానం తీపి లేకపోతే నీ పెండ్లానికి ఉంటది కదరా, గాడిద కొడకా! నీకు బుద్ధుందా అసలు? కొబ్బరికాయలు కొట్టెటోడు చెప్పిండని దూకుతవా?"

ఇంకా ఏమేమో అన్నాను. అరిచాను. క్వారీ గోడలు నా గొంతును తిరిగి నా మీదికే విసిరాయి. వాడు బెల్టు మీద చెయ్యి పెట్టాడు. నేను ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను. తలుచుకుంటే నన్ను గడ్డిపరకలా తోసెయ్యగలడు, వాడి వృత్తే అది. తొయ్యలేదు. కట్టినవాడి మాట వాడికీ తెలుసు. చెయ్యి లాక్కుని దిగిపోయాడు.

ఫైట్ మాస్టర్ వచ్చి, డీసీఎం మీదికి ఎక్కకుండానే ఫోర్కు వంక ఒకసారి చూశాడు. నా వంక, నా స్నేహితుడి వంక చూశాడు. "జంప్ ఇంకో రోజు చూద్దాం" అన్నాడు. మేనేజర్ వాచీ చూసుకుని, "స్వామీ, పొద్దున లేచి ఎవరి ముఖం చూశానో" అన్నాడు. అంతే. ఆయనకు ఆ రోజు నష్టం అంతే.

వెనక్కి వస్తున్నప్పుడు నా స్నేహితుడు నా పక్కన కూర్చోలేదు. వెనక బండ్ల మధ్య కూర్చున్నాడు.

రెండు వారాల తర్వాత ఆ జంప్ తీశారు. వేరే ఊరి నుంచి వేరే కుర్రాడు తన బండితో వచ్చి దూకాడట. బాగా పడిందట. ఆ కుర్రాణ్ని వెంటనే ఇంకో రెండు సినిమాలకు మాట్లాడుకున్నారని కృష్ణానగర్‌లో టీ తాగుతుంటే విన్నాను. టీ సగంలో వదిలేసి నేరుగా నా స్నేహితుడి ఇంటికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నిజం చెప్తాను. వాణ్ని ఓదార్చడానికి కాదు. నేను చేసింది సరైనదని వాడి నోటితో చెప్పించుకోవడానికి. దారి పొడుగునా వాక్యాలు కూర్చుకున్నాను, లోహం అలసట గురించి, ఎముక గురించి, వాడి పిల్లల గురించి.

సందులో, ఇంటి ముందు గోనెపట్టా పరిచి, డూప్ బండిని విప్పుకుని కూర్చున్నాడు. వాడి భార్య గుమ్మంలోంచి, "రండన్నయ్యా" అంది, కుర్చీ తేవడానికి లోపలికి కదిలింది. "అక్కర్లేదులే, వెళ్లిపోతాడు" అన్నాడు వాడు తలెత్తకుండా. ఆమె నా వంక చూసి, అక్కడే తలుపు పట్టుకుని ఆగిపోయింది.

వంగిన గొట్టం పట్టా మీద విడిగా ఉంది. నేను దాని వంక చూడటం చూశాడు.

"పగులేం లేదు. నూనె పోసి తుడిచి, సుద్ద రాసి చూశాను, ఎక్కడా నూనె ఊరలేదు" అన్నాడు. "అది మోసేదేమో. మోసేది కాదేమో. ఇప్పుడెవరికి తెలుసు?"

"నువ్వు బతికున్నవ్. గది చాలు."

"చాలదు." అప్పుడు తలెత్తాడు. "క్వారీలో నువ్వు చేసింది తప్పని అనడం లేదన్నా. అది నా అంతట నేను ఒప్పుకునేవాణ్నే, పది రోజులు పోయాక. పొద్దున్న సంగతి చెప్పు. షెడ్డు దగ్గర. ట్రాలీ ఊగుద్దని నీకు తెలుసా, తెలీదా?"

"చెప్పిన కద నేను. సుద్దతోని గీసి మరీ చెప్పిన."

"చెప్పావు. తర్వాత కట్టావు. ఎందుకు కట్టావు?"

నేను పట్టా మీది గొట్టం వంక చూశాను.

"కట్టు నాది, విప్పను అన్నావు కదా. అంత గొంతు ఉంది కదా నీకు. పొద్దున 'కట్టను' అని ఎందుకనలేదు? వాళ్లు నవ్వారని. నేనూ నవ్వాను, ఒప్పుకుంటా. నాకు తెలీక నవ్వాను. నీకు తెలిసి నవ్వావు. మేనేజర్ ముందు పోయిన పరువు, క్వారీలో నా మీద అరిచి తెచ్చుకున్నావు. నేనైతే ఏమీ అననని."

"గట్ల కాదు రా..."

"మరెట్లా?"

గుమ్మంలో వాడి భార్య, "ఊరుకోండి, ఇంటికొచ్చిన మనిషిని" అంది. వాడు ఊరుకున్నాడు. స్పానరు తీసుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

నాకు కోపం వచ్చింది. మెడ నరాలు లేచేంత కోపం. నేను కాపాడిన మనిషి నన్ను నిలదీస్తున్నాడని. నోరు తెరిచాను. దారిలో కూర్చుకున్న వాక్యాలన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా వాడు అడిగినదానికి జవాబు కాదు. పుస్తకాల్లో చదివింది నాదని ఇన్నేళ్లూ గర్వపడ్డాను. పదిమంది నవ్వితే వదిలేసేది నాది ఎలా అవుతుంది?

"నవ్విర్రని కట్టిన" అన్నాను. "భయపడి కాదు. నవ్విర్రని."

వాడు స్పానరు తిప్పడం ఆపలేదు. "తెలుసు" అన్నాడు.

కూర్చోమనలేదు. నేనూ కూర్చోలేదు. సందులోంచి నడుచుకుంటూ బయటికి వచ్చాను.